మేడ ఎక్కని పియానో

పారిస్‌లో ఓ ఇరుకు అద్దె గది. ఎండ మొహం కూడా కనిపించదు. 1778 ఏప్రిల్లో మొజార్ట్ తల్లి అన్నా మరియా పొద్దస్తమానం అందులో ఒంటరిగా కూర్చునేది. జైల్లో ఉన్నట్టుందని సాల్జ్‌బర్గ్‌లోని భర్తకు ఉత్తరం రాసింది. అందులోనే ఇంకో ముచ్చట... మెట్లు మరీ ఇరుకు, పిల్లాడికి పియానో పైకి చేర్చే దారే లేదట! అందుకని అతను వేరేవాళ్లింటికి వెళ్లి సంగీతం రాసుకొచ్చేవాడు.

ఆ పిల్లాడికి అప్పటికి 22 ఏళ్లు. ఉద్యోగం కోసం ఊళ్లు తిరుగుతున్నాడు. తండ్రికి కొలువులో సెలవు దొరక్క తల్లి తోడొచ్చింది. వచ్చినావిడ మళ్లీ ఇల్లు చేరలేదు. జులై 3 రాత్రి, 57 ఏళ్ల వయసులో పారిస్‌లోనే కన్నుమూసింది.

ఆ రాత్రే మొజార్ట్ తండ్రికి ఉత్తరం రాశాడు. అమ్మకి ఒంట్లో అస్సలు బాగాలేదన్నాడు తప్ప పోయిందనలేదు. పైగా తన కొత్త సింఫనీకి చప్పట్లెలా మోగాయో, ఆ సంతోషంలో వెళ్లి ఐస్‌క్రీమ్ ఎలా తిన్నాడో వర్ణించాడు! సాల్జ్‌బర్గ్‌లోని కుటుంబ మిత్రుడికి మాత్రం నిజం చెప్పి, నాన్నను మెల్లగా సిద్ధం చేయమన్నాడు. టెలిగ్రాంల కాలంలో మన ఇళ్లకొచ్చిన ‘సీరియస్... వెంటనే బయల్దేరు’ లాంటిదే ఇదీ. అసలు కబురు తండ్రికి రాసింది 9వ తేదీన.

ఆ ఏడాది ఆ ఊళ్లోనే రాసిందే ‘ఎ మైనర్’ పియానో సొనాటా. ఆయన రచనల జాబితాలో నంబరు 310. మొజార్ట్ పియానో సొనాటాల్లో మైనర్‌లో ఉన్నవి రెండే. రెండోది 1784 నాటిది.

మేజర్, మైనర్ అంటే కంగారు పడక్కర్లేదు. మేజర్ మన శంకరాభరణానికి దగ్గర. మైనర్‌లో కీరవాణి, నఠభైరవి ఛాయలుంటాయి. అసలు తేడా గాంధారంలో ఉంది. అది అరమెట్టు కిందికి దిగితే చాలు, పాట మొహం మారిపోతుంది.

ఇక సొనాటా పద్ధతి. మొదట ఒక వరస వస్తుంది, తర్వాత వేరే శ్రుతిలో రెండోది. మధ్యలో వాటిని తిప్పి, విరిచి, పోట్లాడించి, చివర్లో రెండింటినీ సొంత శ్రుతికి తెస్తారు. ఇక్కడ మొదటి వరస కవాతులా నడుస్తుంది. కింద ఎడమ చెయ్యి ఒకే తీరున తీగలన్నీ కలిపి కొడుతూనే ఉంటుంది, అస్సలు ఊపిరి తీసుకోనివ్వదు. రెండో వరస మేజర్‌లో గలగలా పరుగెడుతుంది. హమ్మయ్య అనుకుంటాం. మధ్య భాగంలో ‘చాలా గట్టిగా’, ఆ వెంటనే ‘చాలా మెల్లగా’ అని మొజార్టే గుర్తులు పెట్టాడు. అంతకుముందు రాజ్యమేలిన హార్ప్సికార్డ్ మీద ఎంత గట్టిగా నొక్కినా శబ్దం ఒకటే. అంతకు కొన్ని నెలల ముందే ఆగ్స్‌బర్గ్‌లో స్టైన్ అనే ఆయన చేసిన పియానోలు చూసి మురిసిపోయాడు మరి.

చివర్లో రెండో వరస తిరిగొస్తుంది. పరుగు అదే, స్వరాల నడక అదే. కానీ ఈసారి మైనర్‌లో! కావాలంటే మేజర్‌లోకి తిప్పి సుఖాంతం చేసుకోవచ్చు, పద్ధతి ఒప్పుకుంటుంది. ఆయన తిప్పలేదు. నాకైతే మొత్తం సొనాటాలో గుండె పట్టేసే చోటు ఇదే.

ఇది అమ్మ కోసం ఏడ్చిన ఏడుపని చాలామంది రాశారు. చేతిరాత ప్రతి న్యూయార్క్‌లోని మోర్గాన్ లైబ్రరీలో ఉంది. దాని మీద పారిస్, 1778 అని ఉందే తప్ప నెల లేదు. ఆమె మంచం పట్టకముందే రాశాడేమో కూడా! తల్లి పోయిన రాత్రి ఐస్‌క్రీమ్ కబుర్లు రాయగలిగిన మనిషి సంగీతాన్ని డైరీలా చదవబోతే బోల్తా పడతాం.

రెండో భాగం నెమ్మదిగా, పాడినట్టే ఉంటుంది. మూడోది మాత్రం చెవి పెట్టి వినాలి. గుసగుసలాడుతూ ఎవరో తరుముతున్నట్టు పరుగు. నడుమ కాసేపు మేజర్‌లో పల్లెటూరి తిత్తి వాయిద్యంలాంటి చిన్న పాట వస్తుంది. అది ఎంతోసేపు ఉండదు. మళ్లీ పాత పరుగే అందుకుని, మైనర్‌లోనే టక్కున ఆగిపోతుంది.