పది ప్రశ్నార్థకాలు

ఒక సర్వరునుండి మరొక సర్వరుకు వెబ్ సేవ ద్వారా పంపిన తెలుగు పేరు అవతల ప్రశ్నార్థకాల వరుసగా తేలినప్పుడల్లా ఒక సలహా వినవస్తుంది: “పేర్లు ఇంగ్లీషు అక్షరాలలో వ్రాయండి, గొడవ వదులుతుంది.” ఎలుకల బాధకు ఇల్లు తగులబెట్టుకొనే ఈ సలహాను నేనంగీకరించను. దోషం భాషది కాదు, లేఖకునిది. లేఖకదోషాన్ని పట్టుకొనే విద్య మనకు కొత్తదీ కాదు.

సి.పి. బ్రౌన్ కడపలో పండితులను నియమించి, ఒకే కావ్యానికి దొరికిన పలు వ్రాతప్రతులను పోల్చి చూపించి, శుద్ధప్రతులు సిద్ధం చేయించాడు. తప్పు ఏ ప్రతిలో పుట్టిందో తేలనిదే దిద్దుబాటుకు అర్థం లేదు. జావా సర్వరులో వెబ్ సేవ చెడినప్పుడు చేయవలసినదీ ఈ పాఠపరిష్కరణమే. ఇక్కడ ప్రతులు నాలుగు: పంపేవాని చేతిలోనిది, తీగమీద పోయేది, అందుకొన్న సర్వరు విప్పి చదివినది, డేటాబేసులో నిలిచినది. వీటిని పోల్చక సర్వరును మళ్ళీ మళ్ళీ ఆపి నడపడం, ప్రతి చూడకుండా పద్యం దిద్దడమే.

‘సీతారామయ్య’ అన్న పేరును తీసుకొందాము. యూనికోడులో అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లు వేర్వేరు సంకేతాలు గనుక ఈ పేరుకు సంకేతాలు పది. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు, వెరసి ముప్పది. ఇక లెక్కే సాక్ష్యం చెబుతుంది. పది ప్రశ్నార్థకాలు కనబడితే, తెలుగెరుగని లిపిలోనికి ఎవరో ఈ పేరును వ్రాయబోయారు. అక్షరం పోయింది, ఇక తిరిగి రాదు. నెత్తిన వాలుగీత గల లాటిన్ ‘ఎ’, దాని పక్కన చిన్న సున్న గాని, కూడిక-తీసివేతల గుర్తు గాని మాటిమాటికీ కనబడితే, బైట్లు క్షేమమే. చదివినవాడు లాటిన్-1గా చదివాడు. దీనిని బాగుచేయవచ్చు. ప్రశ్నార్థకాలే ముప్పది ఉంటే తప్పు రెండుమార్లు జరిగింది: మొదట ఆస్కీగా తప్పు చదివారు, పిదప తప్పుగా వ్రాశారు.

తప్పు ఎక్కడ పుడుతుంది? తరచుగా, చెప్పవలసినది చెప్పకపోవడంలో. జావా 18 వెలువడిన 2022 వరకు, లిపి పేరు చెప్పకుండా అక్షరాలను బైట్లుగా మార్చమంటే జావా ఆ యంత్రపు ఆపరేటింగ్ సిస్టమ్ అమరికను అనుసరించేది. ప్రోగ్రామరు బల్లమీది కంప్యూటరులో అది యూటీఎఫ్-8 కావచ్చు. భాషా అమరిక ఏదీ లేకుండా లేచిన లినక్స్ సర్వరులో అదే ఆస్కీ. 18నుండి యూటీఎఫ్-8యే సహజస్థితి అయినా, పాత జావాపై నడిచే సర్వర్లకు ఆ వరం లేదు. రెండవది, సందేశపు శీర్షిక. సోప్ 1.1 సందేశాలు వాడే ‘టెక్స్ట్/ఎక్స్ఎమ్ఎల్’ రకానికి శీర్షికలో లిపి పేరు లేకపోతే ఆస్కీగా తలచాలని 2001 నాటి నియమం. 2014లో గాని అది తొలగలేదు. సోప్ సందేశాన్ని గ్రంథాలయాలకు వదలక చేతితో కూర్చినచోట ఈ రెండు లోపాలూ ఎక్కువ.

ఒక హెచ్చరిక. లాగ్ ఫైలులో ప్రశ్నార్థకాలు కనబడగానే తీర్పు చెప్పరాదు. లాగ్ కూడా ఒక లేఖకుడే. తానూ తప్పు వ్రాయవచ్చు. బైట్లను చూడాలి. షోడశాంశ పద్ధతిలో ‘ఈ0 బీ0’ లేదా ‘ఈ0 బీ1’ అన్న జంటతో మూడేసి బైట్లు నడుస్తుంటే తెలుగు సజీవంగా ఉన్నట్లే.

“ఇంగ్లీషు పేర్లతో పరీక్షించాము, అంతా బాగున్నది” అనేవారికి నా జవాబు ఇది: ఆస్కీ, లాటిన్-1, యూటీఎఫ్-8 మూడింటిలోనూ ఇంగ్లీషు అక్షరాల బైట్లు ఒకటే. కనుక ఈ విషయంలో ఆ పరీక్ష దేనినీ పరీక్షించలేదు. తెలుగు అక్షరమే ఇక్కడ గీటురాయి. దానిని తొలగించడమంటే, బంగారం కాదని తేల్చిన రాయిని పారవేయడమే.

పైగా ఇంగ్లీషు అక్షరాలు పేరును కాపాడుతాయా? రమ, రామ ఇద్దరూ అక్కడ ఒకే నాలుగక్షరాలవుతారు. ఆపైన తన పేరు తనదేనని ఋజువు చేసుకొనే భారం కార్యాలయం మెట్లెక్కే వృద్ధురాలిది. లిపి పేరు చెప్పని ప్రోగ్రామరుది కాదు. నా అభ్యంతరమంతా ఈ అన్యాయం మీదనే.

ఈ వృత్తిలో ఉన్న మిత్రులకు నా విన్నపాలు మూడు. బైట్లుగా మార్చే ప్రతిచోటా లిపిని పేరుపెట్టి చెప్పండి. సందేశపు శీర్షికలోనూ చెప్పండి. తొలి పరీక్షను ఒత్తు, గుణింతం ఉన్న తెలుగు పేరుతోనే చేయండి. సీతారామయ్య క్షేమంగా ఒడ్డు చేరితే, జాన్ తప్పక చేరుతాడు.