పాత ప్రాసెసరు బేరము

ఇంటియందున్న కంప్యూటరునకు ఇంకను వేగమైన ప్రాసెసరును, ఎవరో వాడి విడిచినదానిని, ఆన్‌లైనులో కొనవచ్చునా యని పై తరగతుల విద్యార్థులు మమ్ము తఱచుగా నడుగుచున్నారు. తలిదండ్రులలో ననేకులు "వాడిన వస్తువు, కంటికి కనబడని యమ్మకందారుడు, వలదు" అని యొక్కమాటతో త్రోసివేయుచున్నారు. ఈ విషయమున మా యభిప్రాయము వేఱు. పాత ప్రాసెసరును కొనుట మంచి పొదుపే. భయపడవలసినది ఆ వస్తువునకు గాదు. దాని నమ్మువానికిని, అది కూర్చుండవలసిన బోర్డునకును.

కంప్యూటరులో నెల్లపుడు తిరుగు భాగములు ముందుగా చెడును. ఫ్యాన్లును హార్డుడిస్కులును అట్టివి. ప్రాసెసరులో కదలెడు భాగమేదియు లేదు. మితమైన వేడిమిలో పనిచేసినది పదేండ్లు దాటినను చక్కగా నడచుట సామాన్యము. మితిమీరి వేడెక్కినచో తన వేగమును తానే తగ్గించుకొనును. వేసవిలో 40 డిగ్రీలు దాటు మన సీమలో నిది స్వల్పమైన యుపకారము గాదు. పై తరగతివారి పుస్తకములను సగము వెలకు కొని చదువుట మనకు క్రొత్త గాదు గదా! చదివినంతమాత్రమున ఆ పుస్తకములందలి యక్షరము లరుగవు.

అయితే యొక యపవాదము గలదు. ఇంటెల్ వారి 13వ, 14వ తరముల డెస్కుటాపు ప్రాసెసరులలో కొన్ని మితిమీరిన వోల్టేజిచే లోలోపల క్షీణించుచున్నట్లు 2024లో తేలినది. కంపెనీవారు ఆ సంవత్సరమే దిద్దుబాటును విడుదల చేసి, పూచీగడువును మఱి రెండేండ్లు పొడిగించిరి. కాని ఆ దిద్దుబాటు అప్పటికే చెడినదానిని బాగుచేయజాలదు. ఈ తరములలో ఐ7, ఐ9 రకములను బిల్లు లేక మిక్కిలి చౌకగా నిచ్చెదమనువారిని, ఆ చౌకకు కారణమేమని యడుగవలెను.

మన రైతు సంతలో నెద్దును కొనునపుడు పండ్లు పట్టి చూచును, నడిపించి చూచును, వీలైన కాడి గట్టియు చూచును. ఆ పిమ్మటనే తువాలుక్రింద చేయి కలుపును. ఎగువ అహోబిలమున కొండదారి నెక్కు యాత్రికుడు సయితము ఊతకఱ్ఱను నేల నానించి చూచి గాని తీసికొనడు. ఆన్‌లైను బేరమున పండ్లు చూచుట యెట్లు? ఛాయాచిత్రము చాలదు. ప్రాసెసరు పైమూతమీది పేరును చెఱిపి, హెచ్చు వెలగల దాని పేరును ముద్రించువారు లోకమున గలరు. కావున అమ్మువాడు దానిని యంత్రమున నమర్చి, వెల లేక దొరకు సీపీయూ-జడ్ అను ప్రోగ్రామునందు దాని పేరు కనబడునట్లు, ఆనాటి తేదీ తెలియునట్లు వీడియో తీసి పంపవలెను. అడుగుభాగపు చిత్రమును గూడ కోరవలెను. ఏఎండీ వారి ఏఎం4 రకములకు 1331 సన్నని సూదులు ప్రాసెసరుక్రిందనే యుండును. వంగినవానిని ఓర్పుతో సరిచేయవచ్చును గాని, విఱిగినచో చిక్కే. ఇటీవలి ఇంటెల్ డెస్కుటాపు రకములకు సూదులు బోర్డునందుండును గావున, అచ్చట బోర్డును కొనువారే గుంటను పరీక్షింపవలెను.

మోసముకంటెను పొంతన లేమిచే పోవు ధనమే మాకెక్కువ విచారము కలిగించుచున్నది. ఐ5-7500 అను ఇంటెల్ ప్రాసెసరు 2017లోను, ఐ5-8500 అనునది 2018లోను వచ్చినవి. రెంటికిని ఎల్‌జీఏ 1151 అను పేరుగల గుంటయే. అయినను 7వ తరమునాటి బోర్డుపై 8వ తరపు ప్రాసెసరు పనిచేయదు. దానికి 300 శ్రేణి బోర్డు వలయును. ప్రాసెసరు రెండువేలకు దొరికెనని సంతోషించి, దానికై బోర్డునకు నాలుగువేలు వెచ్చించిన పొదుపెక్కడిది? విండోస్ 10కు మైక్రోసాఫ్టు వారి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసినది. విండోస్ 11 ఇంటెల్ 8వ తరమునకు ముందటి ప్రాసెసరులను, ఏవో కొన్నిటిని దప్ప, అంగీకరింపదు. విండోసుపై ట్యాలీ నేర్వదలచినవానికి ఆ పాత తరములు ఎంత చౌకయైనను బరువే. లినక్సుపై ప్రోగ్రాములు వ్రాయ నేర్చుకొనువానికి అవియే వరము.

ఇక అమ్మువానిని గూర్చి. వర్షాధారమైన పొలమున పండిన శనగలమ్మి, వచ్చిన పైకములో ఐదువేలు కుమారుని చేతబెట్టిన తండ్రికి, ఆ పైకము పోయినచో మఱుసటి పంటవఱకు మఱల దొరకదు. సైనికోద్యోగినని గుర్తింపుకార్డు చూపి ముందుగా సొమ్ము పంపుమనువారి కథలు దేశమంతట విన్నవే. "మీ సొమ్ము తిరిగి యిచ్చెదను, ఈ క్యూఆర్ కోడును స్కాను చేసి పిన్ కొట్టుడు" అన్న మాటయు అట్టిదే. మనకు సొమ్ము వచ్చుటకు పిన్ కొట్టనక్కరయే లేదు. మోసపోతిమని తెలిసిన తక్షణమే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. ఆలసించినకొలది సొమ్ము చేతులు మారును. పార్సెలు వచ్చినపుడు ముద్ర విప్పుటనుండి వీడియో తీయుట మఱువరాదు.

మా మట్టుకు మేము, వెలలను ఆన్‌లైనులో తెలిసికొని, వస్తువును చేత చూచి కొనుటయే మేలందుము. సికిందరాబాదున చెనాయ్ ట్రేడు సెంటరును, బెంగుళూరున ఎస్పీ రోడ్డును ఇట్టి వర్తకమునకు పేరుపడినవి. ఆ పట్టణములలో పనిచేయు అన్నయో మేనమామయో లేని యిండ్లు మన యూళ్లలో కొద్ది. దుకాణముననే యంత్రమున బెట్టి అరగంట నడిపించి చూడుమని వారికి వ్రాయవచ్చును. క్రొత్తదానికిని పాతదానికిని వెలలో భేదము మూడవవంతునకు లోబడినచో క్రొత్తదే కొనవలెను. పెట్టెతో వచ్చు క్రొత్త ప్రాసెసరులకు సామాన్యముగా 3 సంవత్సరముల పూచీ యుండును.

పాఠశాల యాజమాన్యమువారికి మా మనవి యొకటి గలదు. కంప్యూటరు గదిలో ఒక ఏఎం4 బోర్డును, 1151 గుంటగల బోర్డులు రెండు తరములకు రెండును పరీక్షకై యుంచినచో, విద్యార్థి తెప్పించిన ప్రాసెసరును, అమ్మకందారుడు తిరిగి తీసికొను గడువు దాటకముందే ఒక్క సాయంకాలములో పరీక్షింపవచ్చును. ఆ బోర్డులును పాతవే యైనను చాలును. వచ్చు జూను మాసమున బడి తెఱచులోపల వారు దీనిని గూర్చి యాలోచింపవలెనని కోరుచున్నాము.