పన్నునకు నివాసి, రాయితీకి పరదేశి

కాటారము వంటి మారుమూల మండలములందు సైతము, పొలము కుదువబెట్టి బిడ్డను అమెరికాకు పంపు తలిదండ్రులు గలరు. వీసా వచ్చినదా, కొలువు దొరకినదా యని అడుగువారే గాని, ఆ సంపాదనపై అచ్చటి పన్ను చట్టమేమనుచున్నదో విచారించువారు అరుదు.

చదువు ముగించి ‘ఓపీటీ’ యను తాత్కాలికానుమతిపై పనిచేయు పట్టభద్రుడు, విద్యార్థి వీసాతో గడపిన మొదటి ఐదు క్యాలెండరు సంవత్సరములును పన్ను లెక్కకు ‘అనివాసి’. పన్ను మొత్తమునుండి ఏటికి 2,000 డాలర్ల వరకు నేరుగా తగ్గించు విద్యా రాయితీ అతనికి సామాన్యముగా చెల్లదు. 1989లో భారత ప్రభుత్వము అమెరికాతో చేసికొనిన పన్ను ఒడంబడిక 21వ అధికరణము పుణ్యమా యని ప్రామాణిక మినహాయింపు మాత్రము మన విద్యార్థులకు దక్కుచున్నది; తక్కిన దేశముల వారిలో పెక్కుమందికి అదియును లేదు. తోటివారి మాట విని నివాసుల పత్రము నింపి, చెల్లని రాయితీని పుచ్చుకొను యువకులు అది వడ్డీతో తిరిగి కట్టవలసిన సొమ్మని ఎరుగవలెను.

ఇంతవరకు మాకు పెద్ద తగవు లేదు. అనివాసి విద్యార్థినుండి సామాజిక భద్రతా పన్నును వసూలు చేయరు గదా! అన్యాయమంతయు ఆ పిదప నున్నది. హెచ్-1బీ వీసాపై 183 దినముల లెక్క నిండగానే అతడు ‘నివాసి’ యగును. ఇచ్చట ఆదాయపు పన్ను లేని పొలము కౌలు సైతము అచ్చటి లెక్కలో చూపవలెను. జీతమున నూటికి 7.65 వంతులు సామాజిక భద్రతకును మెడికేరునకును పోవును. వృద్ధాప్య భృతికి పదేండ్ల చందా కావలెను. వీసా గడువో, సామాన్యముగా ఆరేండ్లు! ఇక ఆశ్రిత వీసాపై వెంట వెళ్లిన పసిబిడ్డకు సామాజిక భద్రతా సంఖ్య ఈయరు. ఆ సంఖ్య లేని బిడ్డకు 2017 నాటి చట్టము పిల్లల రాయితీని తీసివేసినది. 2025లో ఆ రాయితీ 2,200 డాలర్లకు పెరిగినను, అట్టి బిడ్డ పేర తండ్రికి వచ్చునది 500 డాలర్లే. ప్రక్క బల్లపై పనిచేయు అమెరికనుతో సమానముగా పన్ను కట్టువానికి ఈ భేదమేల?

వారి శాసనసభలో మనకు వోటు లేదు. ఢిల్లీ ప్రభుత్వమునకు మాత్రము నోరు గలదు. బెల్జియముతో సామాజిక భద్రతా ఒడంబడిక 2009లోను, జర్మనీతో సమగ్రమైనది 2017లోను అమలునకు వచ్చినవి. రెండు దేశముల చందా కాలములను కలిపి లెక్కించు అట్టి ఒడంబడిక అమెరికాతో నేటికిని లేదు. వాణిజ్య సంప్రదింపులలో సుంకముల మాట వచ్చినంతగా ఈ మాట రాకుండుట మాకు విచారకరము. మన ప్రాంతమునకు ప్రతినిధియగు పెద్దపల్లి లోకసభ సభ్యులు, పిల్లల రాయితీ విషయమును గూడ చేర్చి, ఈ ప్రశ్నను రాబోవు సమావేశమున లిఖితపూర్వకముగా అడుగవలెనని కోరుచున్నాము.