అమ్మాయి హైదరాబాదు వెళ్ళే ముందు



ఈ నెల అందిన ఉత్తరాలలో పోలవరం నుండి ఒక తండ్రి వ్రాసిన ఉత్తరం నన్ను చాలా ఆలోచింపజేసింది. ఆయన కుమార్తె జి.ఎన్.ఎం. నర్సింగ్ పూర్తి చేసింది. హైదరాబాదులోని ఒక పెద్ద ప్రయివేటు ఆస్పత్రివారు నెలకు 18 వేల రూపాయల జీతానికి రమ్మన్నారట. అయితే రెండేళ్ళు అక్కడే పనిచేస్తానని బాండు వ్రాయాలట. ఒరిజినల్ సర్టిఫికెట్లు వారి దగ్గరే ఉంచాలట. "చదువు కొరకు అర ఎకరం తాకట్టు పెట్టాను. అమ్మాయిని పంపమంటారా, వద్దంటారా?" అని ఆయన అడిగారు.

సహోదరా, అమ్మాయిని పంపండి. సర్టిఫికెట్లను మాత్రం అప్పగించవద్దు. ఎందుకో వివరిస్తాను.

హైదరాబాదు ఆస్పత్రులలో నర్సు ఉద్యోగాలు ఎప్పుడు చూసినా ఖాళీగానే కనబడతాయి. అందుకు పెద్ద కారణం, చేరినవారు ఎక్కువకాలం నిలువకపోవడమే. ఐ.సి.యు.లోనో, ఆపరేషన్ థియేటరులోనో రెండేళ్ళు పని నేర్చుకున్న అమ్మాయికి గల్ఫ్ దేశాలలో, ఇంగ్లండులో, జర్మనీలో గిరాకీ ఉంటుంది. కొందరు ప్రభుత్వ ఉద్యోగాలలోనికి వెళ్ళిపోతారు. తెలంగాణ ప్రభుత్వం 2024 జనవరి 31న ఒక్కరోజే దాదాపు ఏడువేల మంది స్టాఫ్ నర్సులకు నియామక పత్రాలు ఇచ్చింది. ఇలా వెళ్ళిపోయేవారిని ఆపడానికే కొన్ని ఆస్పత్రులు బాండు అంటాయి, సర్టిఫికెట్లు అడుగుతాయి. మంచి జీతమిచ్చి నిలుపుకోవలసిన మనిషిని కాగితాలు పట్టుకొని నిలుపుకోవడం న్యాయం కాదు. భారత నర్సింగ్ కౌన్సిల్ కూడా ఈ బాండు పద్ధతి కూడదనే చెప్పింది.

కనుక ఒరిజినల్సు చూపించండి, జిరాక్సు కాపీలు ఇవ్వండి, అసలువి అదేరోజు తిరిగి తీసుకోండి. ఒప్పుకోకపోతే ఇంకొక ఆస్పత్రి చూడండి. ఖాళీలు అన్ని ఉన్నప్పుడు బెదరవలసిన పని మనకు లేదు.

ఇక జీతం సంగతి. నర్సుల జీతాలపై కమిటీ వేయమని సుప్రీంకోర్టు 2016 జనవరిలో ఆదేశించింది. ఆ కమిటీ చెప్పినదేమంటే, 50 పడకలలోపు చిన్న ఆస్పత్రి అయినా నర్సుకు నెలకు 20 వేలకు తక్కువ ఇవ్వరాదు. 200 పడకలకు మించిన ఆస్పత్రి అయితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలి. ఇది రాష్ట్రాలకు పంపిన సిఫార్సే గాని, దానంతట అది చట్టం కాదు. అయినా మీ అమ్మాయికి చెప్పిన 18 వేలు చిన్న ఆస్పత్రికి చెప్పిన దానికన్నా తక్కువ అని తెలిసి మాట్లాడడం వేరు, తెలియక తలవూపడం వేరు.

ఆ 18 వేలను కూడా ఒక కాగితం మీద లెక్క వేసి చూడండి. పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. కింద సుమారు రెండు వేలు తగ్గవచ్చు. హాస్టలుకు ఏడు వేలు, రాకపోకలకూ ఫోనుకూ ఇతర ఖర్చులకూ మూడు వేలు అనుకుంటే చేతికి మిగిలేది ఆరు వేలు. ఆ ఆరు వేలతో తాకట్టు విడిపించాలని మొదటి నెల నుండే ఎదురుచూస్తే, అమ్మాయి అక్కడ పస్తులుండి మీకు డబ్బు పంపుతుంది. మొదటి రెండేళ్ళు పని నేర్చుకొనే కాలమనుకోండి. పి.ఎఫ్. సొమ్ము ఆమెదే, ఎక్కడికీ పోదు. యజమాని వాటా కూడా జమ అవుతున్నదో లేదో ఆమె చూసుకోవాలి.

ఇంకొక ముఖ్య విషయం. తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాలలో 95 శాతం అక్కడి స్థానికులకే. పోలవరంలో చదువుకున్న పిల్లకు అక్కడ ఆ ద్వారం దాదాపు మూసినట్టే. ఆమెకు ప్రభుత్వ ఉద్యోగం రావాలంటే అది మన వైపే. రాజమండ్రిలో, ఏలూరులో 2023 సెప్టెంబరులో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. కాబట్టి ఆంధ్రప్రదేశ్ నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ గడువు దాటనివ్వకండి. ప్రకటన వెలువడినప్పుడు అది పర్మినెంటా, కాంట్రాక్టా అని చదివి అప్పుడు దరఖాస్తు చేయండి. సర్టిఫికెట్లు చేతిలో ఉండాలని నేను పట్టుబట్టడం ఇందుకే. అవి హైదరాబాదులో ఎవరి బీరువాలోనో ఉంటే, ఏలూరులో పరిశీలనకు పిలిచిన రోజున ఏమి చూపిస్తుంది?

మన సంఘాలలో ఒక మాట వింటుంటాను: "నర్సు పని సేవ గదా, జీతం గూర్చి అడగడమెందుకు?" అని. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో అక్కడ ఆస్పత్రి తెరిచారు. అటువంటి మిషను ఆస్పత్రుల వలననే మన ఆడపిల్లలెందరో ఈ వృత్తిలోనికి వచ్చి గౌరవంగా బ్రతికారు. అది సేవే. అయినా రాత్రంతా రోగి ప్రక్కన నిలబడిన పిల్ల తెల్లవారి అద్దె కట్టుకోవాలి. సేవ అనే పేరు ఆమె కూలి తగ్గించడానికి వాడకూడదు.

సహోదరా, రాజమండ్రిలో గౌతమి ఎక్కేటప్పుడు మీరు కూడా ఆమెతో వెళ్ళండి. జీతమూ పని గంటలూ వ్రాసిన నియామక పత్రం తీసుకోండి. హాస్టలు చూడండి. రాత్రి డ్యూటీకి ఆస్పత్రి బండి వస్తుందో లేదో అడగండి. హైదరాబాదులోని సంఘస్థులారా, మీకును ఒక మనవి. ఆదివారం గుడిలో కొత్త నర్సు పిల్ల కనబడితే, ఏ ఊరమ్మా అని పలకరించి ఆ పూట భోజనానికి పిలవండి.

తిరిగి వచ్చేటప్పుడు సర్టిఫికెట్ల కవరు మీ చేతిసంచిలోనే ఉన్నదో లేదో ఒకసారి తడిమి చూసుకోండి.

మీ సహోదరి