ముందు టేబుల్, తర్వాతే వైఫై

ల్యాప్‌టాప్ జాగ్రత్తల గురించి ఎవర్ని అడిగినా చెప్పే మొదటి మాట ఒకటే: మంచం మీద పెట్టి వాడొద్దు. కరెక్టే. కానీ కృష్ణానగర్‌లో ఫోర్ షేరింగ్ రూమ్‌లో మంచం తప్ప ఇంకేముంది? నాలుగు మంచాలు, ఒక బీరువా, తలుపు వెనక బట్టల తాడు. చదువు, తిండి, కోడింగ్, నిద్ర అన్నీ ఆ పరుపు మీదే. అమీర్‌పేట కోచింగ్‌లకి వచ్చిన అన్నలదీ ఇదే కథ. అందుకే నా అభిప్రాయం, ఈ విషయంలో మన బుద్ధి పాత్ర సగమే. మిగతా సగం మనం నెలనెలా అద్దె కట్టే రూమ్‌ది.

చాలా ల్యాప్‌టాప్‌లు కింద నుంచి గాలి పీల్చుకుని, పక్క నుంచో వెనక నుంచో వేడిగా వదుల్తాయి. దుప్పటి మీద పెడితే కింది దారి మూసుకుపోతుంది. ఫ్యాన్ గోల పెడుతుంది, ప్రాసెసర్ తనను తాను కాపాడుకోడానికి స్పీడు తగ్గించుకుంటుంది. మనమేమో "ర్యామ్ పెంచాలి రా" అంటాం. ర్యామ్ కాదు, రగ్గు తియ్యాలి.

స్లో అవ్వడం వరకైతే పర్లేదు. అసలు దెబ్బ తినేది బ్యాటరీ. లిథియం అయాన్ బ్యాటరీకి వేడీ పడదు, రోజంతా 100 శాతం చార్జ్‌లో ఉండటమూ పడదు. (సెట్టింగ్స్‌లో 80 దగ్గర ఆపే ఆప్షన్ ఉంటే ఆన్ చేసుకోండి.) పాడైన బ్యాటరీలో గ్యాస్ పుట్టి ఉబ్బుతుంది. టచ్‌ప్యాడ్ క్లిక్ గట్టిపడటం, మూత సరిగ్గా పడకపోవడం, టేబుల్ మీద పెడితే ఊగడం దానికి గుర్తులు. మా ఫ్లోర్‌లో ఒకడు "సెమ్ అయ్యాక చూద్దాంలే" అని ఉబ్బినదాని మీద రికార్డు బుక్కులు బరువు పెట్టాడు! నొక్కకూడదు, గుచ్చకూడదు. చార్జర్ తీసేసి, ఆఫ్ చేసి, సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాలి. తీసిన బ్యాటరీని చెత్తబుట్టలో వెయ్యొద్దు. వాటిని వెనక్కి సేకరించే బాధ్యత తయారుచేసినవాళ్లదేనని 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు చెప్తున్నాయి.

"నాది మంచి కంపెనీది" అనే ధీమా కూడా వద్దు. 2006లో డెల్ దాదాపు 41 లక్షల ల్యాప్‌టాప్ బ్యాటరీల్ని వెనక్కి పిలిచింది. అందులో ఉన్నవి సోనీ సెల్స్.

ఇంకొకటుంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. చార్జింగ్‌లో ఉన్న మెటల్ బాడీ ల్యాప్‌టాప్ మీద చెయ్యి ఆనిస్తే జుమ్మంటుందా? మూడు పిన్నుల అడాప్టర్ అయినా అలా అంటోందంటే సాకెట్‌లో ఎర్త్ లేదేమో అని అనుమానించాలి. అడాప్టర్ లోపలి చిన్న కెపాసిటర్ల ద్వారా కొద్దిపాటి కరెంటు బాడీకి వస్తుంది. ఎర్త్ ఉంటే అటు పోతుంది, లేకపోతే మన చేతిలోంచి పోతుంది. ఆ కాస్త కరెంటు మనల్ని ఏం చెయ్యదు. కానీ అదే బోర్డుకి మనం ఇస్త్రీ పెట్టె పెడతాం, బకెట్లో వాటర్ హీటర్ రాడ్ పెడతాం. అక్కడ ఎర్త్ లేకపోతే ప్రాణం మీదకొస్తుంది. మూడో పిన్ను పట్టట్లేదని టూ పిన్ కన్వర్టర్ తగిలించేవాళ్లు అది కూడా గుర్తుపెట్టుకోండి.

2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్ రూబీ హోటల్‌లో ఏం జరిగిందో చాలామందికి తెలుసు. కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు, పైన లాడ్జి గదుల నిండా పొగ, 8 మంది చనిపోయారు. స్కూటర్ బ్యాటరీ, ల్యాప్‌టాప్ బ్యాటరీ ఒకటి కావు, నిజమే. నేను ఆలోచించేది పొగ గురించి. మన హాస్టళ్లలో చాలావాటికి మెట్లదారి ఒక్కటే. అందులో సగం చెప్పుల స్టాండ్లు, నీళ్ల క్యాన్లు. ఒక్కో రూమ్‌లో నాలుగు ల్యాప్‌టాప్‌లు, నాలుగు ఫోన్లు, పవర్ బ్యాంకులు, అన్నిటికీ కలిపి ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్.

రూమ్ చూడ్డానికి వెళ్లినప్పుడు మనం అడిగేవి వైఫై స్పీడు, ఆదివారం చికెన్ ఉందా లేదా. మనిషికో సాకెట్ ఉందా, ఎర్త్ పనిచేస్తోందా, ఇద్దరికి ఒకటైనా టేబుల్ ఉందా అని అడిగేవాడు లేడు. ఎవరూ అడక్కపోతే ఓనర్ ఎందుకు పెడతాడు? ఇంకో మంచం వేస్తే ఇంకో అద్దె వస్తుంది, టేబుల్‌కి ఏమొస్తుంది?

పోయిన వారం మా రూమ్ నలుగురం కలిసి అడిగాం. టేబుల్‌కి చోటు లేదన్నారు. ఎలక్ట్రీషియన్‌ని మాత్రం పంపిస్తారట, ఆదివారం.