పేద న్యాయవాదికి శాసనసభాద్వారము

ఫిబ్రవరి 14వ తేదీ వచ్చినతోడనే మన రాజకీయ పక్షములవారు దామోదరం సంజీవయ్యగారి విగ్రహములకు దండలు వేయుదురు. మన దేశమున దళితులలోనుండి ముఖ్యమంత్రియైన ప్రథముడని కొనియాడుదురు. కొనియాడుట యుక్తమే. కాని 1960లో ఆయన యధిష్ఠించిన పీఠమును జూచి చేతులు జోడించువారు, ఆ పీఠమునకు దారితీసిన తొలినాళ్లను మాత్రము విచారింపరు. విచారించినయెడల ఆ దండయే వారిని నిలదీయును.

ఆయన 1921లో కర్నూలునకు సమీపమున పెదపాడు గ్రామములో, సెంటు భూమియైన లేని కుటుంబమున జన్మించెను. పుట్టిన కొలదిదినములకే తండ్రి గతించెను. అనంతపురమున దత్తమండల కళాశాలలో జదివి, చిన్న యుద్యోగముతో పొట్ట పోసికొని, పిదప మదరాసులో న్యాయశాస్త్రము నభ్యసించెను. 1950లో న్యాయవాదియయ్యెను, ఆ యేడే తాత్కాలిక పార్లమెంటులో సభ్యుడయ్యెను. 1952లో మదరాసు శాసనసభ కెన్నికై, 31 యేండ్ల ప్రాయమున రాజగోపాలాచారిగారి మంత్రివర్గమున జేరెను.

చదువరులారా! అప్పటి కాయనకేమున్నది? భూమి లేదు, ధనము లేదు, పేరుమోసిన వకీలుపనియు లేదు. ఉన్నవి చదువును, పేదరికపుటెఱుకయు మాత్రమే. ఆ రెంటిని జూచి యొక పక్షము చోటిచ్చినది. అట్లు చోటు దొరకినవాని యేలుబడిలోనే దిక్కులేని ముదుసలులకు పింఛను మొదలయ్యెను. లంచగొండులను బట్టుటకు అవినీతి నిరోధకశాఖ యేర్పడెను. ఆకలి యెఱిగినవాడు శాసనాధికారమును జేపట్టిన ఫలమిది.

ఇపుడు మెదకు జిల్లా నర్సాపూరును జూతము. ఇది సామాన్య స్థానము. రాష్ట్రములో వోటుహక్కు గలిగి 25 యేండ్లు నిండినవాడెవ్వడైనను ఇచ్చట నిలువవచ్చును. ధరావతు 10,000 రూపాయలు. దళిత గిరిజనుల కందు సగమే. చట్టము తీసిన తలుపింత విశాలము! కాని అభ్యర్థి వ్యయమునకు 2022లో విధింపబడిన పరిమితియే 40 లక్షల రూపాయలు. పరిమితియే యింతయైనప్పుడు, పెద్దవకీలుగారి కాగితపుకట్టలు మోయుచు బస్సుఖర్చులకు వెదకికొను కూలివాని కొడుకు, నల్లకోటు తొడిగినంతమాత్రమున ఆ గడప దాటగలడా? చట్టము తీసిన తలుపునకు పక్షములు ధనమను గడియ వేసినవి.

"ధనము లేనివానికి ప్రజలు వోటు వేయరు" అని కొందఱందురు. ఇది ప్రజలపై మోపిన నింద. ఈ నర్సాపూరే కమ్యూనిస్టు పక్షమువారగు చిలుముల విఠల్‌రెడ్డిగారిని పలుమారులు శాసనసభకు బంపినది. ధనికుల జెండాయని యెవ్వరును బిలువని యా జెండాను గెలిపించిన వోటరులను డబ్బునకు దాసులనుట యేమి న్యాయము?

"వారికి రిజర్వుడు స్థానములున్నవి గదా" అని మఱికొందఱు. రిజర్వేషను ఒక తలుపును తెఱచినది. దానిని జూపి తక్కిన తలుపులకు తాళము వేయుట వీరి నేర్పు. సంజీవయ్యగారు ముఖ్యమంత్రియై యేలినది రిజర్వుడు స్థానములను మాత్రమేనా? యావద్రాష్ట్రమును గదా!

"పసివకీలునకు అనుభవమేది?" అని యింకొక యాక్షేపణ. మంత్రియగునాటికి సంజీవయ్యగారు న్యాయవాదియై రెండేండ్లపాటి. చేతికి వచ్చిన బిల్లును జదువక చేయెత్తు వృద్ధుని యనుభవముకంటె, ప్రతి నిబంధనను బరిశీలించి యిది పేదవాని నెట్లు తాకునని యడుగు యువకుని చదువు మేలు. అయినను నల్లకోటు తొడిగినవారెల్ల యోగ్యులని నేననను. ఆ కోటును నిచ్చెనగా జేసికొని భూముల బేరములకెక్కువారు గలరు. కక్షిదారులయెడ వాని నడవడి యెట్టిదో విచారించియే యెవ్వనినైన నెన్నుకొనవలెను.

కావున చేయవలసినది స్పష్టము. పక్షములు సామాన్య స్థానములలో నిర్ధనులగు యువన్యాయవాదులకు టిక్కెట్టిచ్చి, ఖర్చును పక్షనిధినుండి బహిరంగముగ భరింపవలెను. పల్లెపట్టుల జూనియరు వకీలునకు నెలకు 15,000 రూపాయలకు తక్కువగాక యీయవలెనని 2024లో భారత బార్ కౌన్సిలు చేసిన సిఫారసును పెద్దవకీళ్లు ఆచరింపవలెను. వోటరులు గుమ్మమెక్కిన యభ్యర్థిని "ఏమిచ్చెదవు?" అనుట మాని, "ఏ చట్టమును జదివితివి?" అని యడుగవలెను.

హైదరాబాదున హుస్సేన్‌సాగరపు గట్టున సంజీవయ్యగారి పేర నుద్యానవనమున్నది, విశాఖపట్టణమున న్యాయవిశ్వవిద్యాలయమున్నది. చెట్లకును కట్టడములకును ఆయన పేరు పెట్టితిమి. ఆయనవంటివానికి నర్సాపూరులో నొక్క టిక్కెట్టు ఇయ్యలేమా? ఇయ్యనొల్లనివారు వచ్చు ఫిబ్రవరిలో దండల ఖర్చైనను మిగుల్చుకొందురుగాక!