సిమెంటుపై పన్ను తగ్గింపు: వినియోగదారునికి చేరేదెంత?

(ప్రత్యేక వ్యాసం)

జీఎస్టీ మండలి 56వ సమావేశంలో తీసుకున్న నిర్ణయం మేరకు 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటుపై పన్ను 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. ప్రభుత్వాలు ఈ విధంగా వదులుకున్న ఆదాయం ఇల్లు కట్టుకునే వారికి పూర్తిగా చేరుతుందా అన్నది విపణిలోని పోటీపై ఆధారపడి ఉంటుంది.

పన్నుకు ముందు ధర 300 రూపాయలు గల బస్తాను ఉదాహరణగా తీసుకుందాం. పాత పన్నుతో దాని ధర 384 రూపాయలు, కొత్త పన్నుతో 354 రూపాయలు. అంటే కొనుగోలుదారునికి 30 రూపాయలు ఆదా కావాలి. ఇందులో రాష్ట్రం వదులుకునే వాటా 15 రూపాయలు. అయితే విక్రేత మూల ధరను 320 రూపాయలకు పెంచినట్లయితే బస్తా ధర 377 రూపాయల 60 పైసలవుతుంది. అప్పుడు కొనుగోలుదారునికి మిగిలేది 6 రూపాయల 40 పైసలు మాత్రమే.

సంపూర్ణ పోటీ ఉన్నచోట ఒకరు ధర పెంచితే కొనుగోలుదారుడు మరొకరి వద్దకు వెళతాడు. సిమెంటు బరువైన సరుకు. రవాణా ఖర్చు అధికం కావడంతో ఒక్కో ప్రాంతంలో పోటీ కొద్ది సంస్థల మధ్యనే ఉంటుంది. నంద్యాల, కడప, పల్నాడు, సూర్యాపేట జిల్లాల సున్నపురాయి నిక్షేపాల సమీపంలో కర్మాగారాలు అనేకం ఉన్నప్పటికీ, వాటి సంఖ్య ఒక్కటే పోటీకి హామీ కాజాలదు. కుమ్మక్కు అభియోగంపై భారత పోటీ సంఘం 2012 జూన్‌లో 11 సిమెంటు సంస్థలకు 6,000 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది. ఆ ఉత్తర్వును 2015లో అప్పీలు ట్రైబ్యునల్ పక్కనపెట్టగా, పునర్విచారణ అనంతరం సంఘం 2016 ఆగస్టులో తిరిగి జరిమానా విధించింది.

ప్రజా పనుల వ్యయానికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. గృహనిర్మాణానికి, ప్రాజెక్టులకు నిధులు పెంచినపుడు ఉత్పత్తి పెరగక ధర మాత్రమే పెరిగితే, అదే నిధులతో తక్కువ ఇళ్లు పూర్తవుతాయి. బొగ్గు, రవాణా ఖర్చుల వల్ల కూడా ధర పెరగవచ్చు. కనుక ప్రతి పెరుగుదలనూ అక్రమ లాభార్జనగా భావించరాదు.

పన్ను తగ్గింపు ప్రయోజనాన్ని కొనుగోలుదారునికి బదలాయించాలని కేంద్ర జీఎస్టీ చట్టం 171వ సెక్షన్ నిర్దేశిస్తున్నది. కాగా, ఈ సెక్షన్ కింద కొత్త ఫిర్యాదుల స్వీకరణ 2025 ఏప్రిల్ 1 నుంచి నిలిచిపోయింది. అందువల్ల పోటీ చట్టం అమలు, ధరలపై నిఘా మరింత ప్రాధాన్యం సంతరించుకున్నాయి. ధరలను పరిశీలించే అధికారులు, పాత్రికేయులు బిల్లులోని పన్ను శాతంతోపాటు పన్నుకు ముందున్న మూల ధరను కూడా సెప్టెంబరు 22కు ముందు, తరువాత పోల్చి చూడటం అవసరం. వినియోగదారులు జాతీయ హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు.